మ్యాప్‌లో బగ్దాద్ కనిపిస్తుంది, ఆడాలంటే డబ్బు కట్టాలి

2012 ఫిబ్రవరిలో స్వీడన్‌కి చెందిన పారడాక్స్ ఇంటరాక్టివ్ అనే కంపెనీ ఒక కంప్యూటర్ గేమ్ విడుదల చేసింది. పేరు క్రూసేడర్ కింగ్స్ 2. ఆట తెరిస్తే ఎదురుగా పెద్ద మ్యాప్, సంవత్సరం 1066. మౌస్ కదిపితే బగ్దాద్‌లో అబ్బాసీ ఖలీఫా, కైరోలో ఫాతిమీలు, ఇరాన్‌లో సల్జూక్ సుల్తాన్ ఆల్ప్ అర్సలాన్, అందలూస్‌లో చిన్న చిన్న అమీర్లు, అందరూ కనిపిస్తారు. పేర్లున్నాయి, జెండాలున్నాయి, ఫౌజులున్నాయి, పిల్లాపాపలు కూడా ఉన్నారు. ఐర్లండ్‌లో ఏదో మూల ఉన్న ఒక చిన్న దొరని ఎంచుకున్నా ఆట మొదలవుతుంది. ఆల్ప్ అర్సలాన్‌ని ఎంచుకుంటే మాత్రం మొదలవదు.

ఆయన అక్కడ ఉన్నది ఎదుటి పక్షంగా నిలబడడానికే. ఆయన వైపు నుంచి ఆడాలనుకున్నవాళ్లు నాలుగు నెలలు ఆగాల్సి వచ్చింది. ఆ జూన్‌లో 'స్వోర్డ్ ఆఫ్ ఇస్లాం' అనే అదనపు భాగం వచ్చింది. ధర సుమారు 10 డాలర్లు. అది కొన్నవాళ్లకే ముస్లిం పాలకులుగా ఆడే అవకాశం దొరికింది. అసలు గేమ్ కొన్న డబ్బు వేరు, ఇది వేరు.

ఈ ఒక్క విషయం మీద గేమ్ అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ వాదన వినడానికి పిల్లల గొడవలా ఉంటుంది గానీ లోపల పెద్ద ప్రశ్నే ఉంది. చరిత్రని ఆటగా మార్చేటప్పుడు ఎవరు ఆటగాడు, ఎవరు అడ్డంకి, ఆ తేడాకి ధర ఎంత అని.

ముందు ఈ ఆటలు ఏమిటో కొంచెం చెప్పుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లు చాలామంది వీడియో గేమ్ అనగానే తుపాకీ పట్టుకుని పరిగెత్తేదే అనుకుంటారు. ఇవి అవి కావు. గ్రాండ్ స్ట్రాటజీ గేములు అంటారు వీటిని. చదరంగానికి దూరపు చుట్టాలు. కానీ చదరంగంలో ఇద్దరికీ పావులు సమానం, ఇక్కడ కాదు. ఒకరికి సామ్రాజ్యం, ఒకరికి రెండు ఊళ్లు. రోజులు, నెలలు, ఏళ్లు తెర మీద గడుస్తుంటాయి. ఆటగాడు పన్నులు వేయాలి, సైన్యం పెట్టాలి, పొరుగువాడితో సంధి చేసుకోవాలి, అప్పులు తీర్చాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపి ఆలోచించుకోవచ్చు. గెలుపంటే ఏమిటో ఆట గట్టిగా చెప్పదు, ఎవరి లక్ష్యం వాళ్లదే. ఒక్క ఆట పూర్తవడానికి వారాలు పడుతుంది. వెయ్యి గంటలు ఆడితే అప్పటికి పాఠం మొదలైనట్టు అని ఈ అభిమానుల్లో ఒక పాత జోకు ఉంది. పూర్తిగా జోకేమీ కాదు.

పారడాక్స్ చేసే చారిత్రక ఆటల్లో రెండు వరసలు ముఖ్యం. క్రూసేడర్ కింగ్స్‌లో ఆటగాడు ఒక దేశం కాదు, ఒక ఖాందాన్. రాజు చనిపోతే అతని వారసుడిగా ఆట కొనసాగుతుంది. వంశంలో పగ్గాలు అందుకునేవాడు ఎవరూ లేకపోతే ఆట ముగుస్తుంది. పెళ్లిళ్లు, అన్నదమ్ముల పగలు, దర్బారు కుట్రలు, అంతా మనుషుల మీదే నడుస్తుంది. రెండోది యూరోపా యూనివర్సాలిస్. ఇందులో మనిషి చిన్నవాడు, రాజ్యం పెద్దది. 2013 ఆగస్టులో వచ్చిన దాని నాలుగో భాగం 1444 నవంబర్ 11న మొదలవుతుంది. ఆ తేదీ ఊరికే పెట్టలేదు. దానికి ముందు రోజే వార్నా యుద్ధంలో ఉస్మానీ సుల్తాన్ రెండో మురాద్ హంగరీ, పోలండ్ సైన్యాలను ఓడించాడు. అక్కడి నుంచి 1821 దాకా ఆట.

ఇక ఎక్స్‌పాన్షన్ల సంగతి. సినిమా టికెట్ ఒకసారి కొంటే పని అయిపోతుంది. ఈ గేములు అలా కాదు. 2013లో వచ్చిన యూరోపా యూనివర్సాలిస్ 4కి 2024 దాకా కొత్త భాగాలు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ రెండు వస్తాయి. ఒకటి అందరికీ ఉచితంగా వచ్చే అప్‌డేట్, దాంతో మ్యాప్, మూల నియమాలు మారతాయి. రెండోది డబ్బు కట్టినవాళ్లకి మాత్రమే తెరుచుకునే అదనపు భాగం. ఈ పద్ధతిలో ఒక మేలుంది. పదేళ్ల కిందటి గేమ్‌ని కూడా కంపెనీ వదిలేయదు, తప్పులు దిద్దుతుంది, కొత్త చరిత్ర చేరుస్తుంది. ఆ జీతాలు ఎక్కడో ఒకచోటి నుంచి రావాలి కదా. చిక్కు ఎక్కడంటే, ఉచితంగా ఏది ఇవ్వాలి, డబ్బుకి ఏది పెట్టాలి అనే గీత కంపెనీయే గీస్తుంది. ఆ గీత ఒక్కోసారి ఎవరి దేశం మీదుగా పోతుందో చూసుకోదు.

స్వోర్డ్ ఆఫ్ ఇస్లాం విషయంలో అభిమానులు రెండుగా చీలారు. మ్యాప్‌లో పెట్టి తాళం వేయడం అన్యాయం, సగం లోకాన్ని విడిగా అమ్ముతున్నారు అని ఒక పక్షం. రెండో పక్షం మాట వేరు. మొదటి రోజే తెరిచి ఇస్తే దొరికేది సుల్తాన్ కాడు, తలపాగా చుట్టుకున్న ఫ్రాన్స్ రాజు అని. ఆ వంశాలు నడిచిన తీరు వేరు, వారసత్వం వేరు, నికాహ్ నియమాలు వేరు, వాటిని రాయడానికి మనుషులు నెలల తరబడి కూర్చోవాలి అని. నిజం చెప్పాలంటే ఈ రెండో మాటలో బలముంది. పైగా తాళం ముస్లిం రాజులకొక్కరికే వేయలేదు. వెనిస్ లాంటి వర్తక గణతంత్రాలు, ఉత్తరాది వైకింగ్‌లు, యూదు పాలకులు, భారతదేశపు రాజులు, ఒక్కొక్కరూ ఒక్కో కొనుగోలుతోనే తెరుచుకున్నారు. కానీ మొదటి రోజే డబ్బులేకుండా ఆడగలిగినది ఎవరంటే యూరప్ క్రైస్తవ ప్రభువులు. అసలు ఆట వాళ్లది, మిగతా లోకం అదనం. ఆ వరస చూసి బాధపడినవాళ్లని తప్పు పట్టలేం.

2014 మార్చిలో 'రాజాస్ ఆఫ్ ఇండియా' వచ్చినప్పుడు ఇంకో విచిత్రం జరిగింది. ఉచిత అప్‌డేట్‌తో మ్యాప్ తూర్పుకి పెరిగి హిందూస్తాన్, దక్కన్ అందరి తెర మీదకీ వచ్చేశాయి. అక్కడి హిందూ, బౌద్ధ, జైన రాజులుగా ఆడాలంటే మాత్రం మళ్లీ కొనాలి. కొననివాళ్లకి మిగిలింది అంత పెద్ద మ్యాప్‌ని లెక్కపెట్టలేక ఆయాసపడే పాత కంప్యూటర్. ఆ రోజుల్లో అభిమానుల ఫిర్యాదుల్లో సగం చరిత్ర మీద కాదు, ఆట నెమ్మదించడం మీదే.

డబ్బు కట్టి తెరిచాక లోపల ఏముంది? అసలు చర్చించాల్సింది ఇదే. స్వోర్డ్ ఆఫ్ ఇస్లాంలో ముస్లిం పాలకుడు నలుగురు భార్యల వరకు చేసుకోవచ్చు. కొడుకుల్లో పెద్దవాడే రాజవ్వాలని లేదు, జాగీరు, బలం ఉన్నవాడు ముందుకొస్తాడు. అంటే ఇల్లు నిండా షహజాదాలు, ప్రతి ఒక్కడికీ తఖ్త్ మీద కన్ను. షాజహాన్ కొడుకుల కథ తెలిసిన ఎవరికైనా ఇది వింతగా అనిపించదు. దీని మీద ఇంకో నియమం పెట్టారు. ప్రతి ముస్లిం వంశానికీ ఒక అంకె ఉంటుంది, సున్నా నుంచి నూరు దాకా, వంశం ఎంత సుఖానికి అలవాటు పడి చెడిపోయిందో చెప్పేది. జాగీరు లేకుండా ఊరికే తిని కూర్చునే షహజాదాలు పెరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే పన్నులు తగ్గుతాయి, సైనికుల ధైర్యం సడలుతుంది. చివరికి ఎక్కడో ఎడారి అంచుల నుంచి గట్టి మనుషులు దండెత్తి వచ్చి తఖ్త్ లాక్కుంటారు.

ఇబ్న్ ఖల్దూన్ పేరు విన్నవాళ్లు వెంటనే గుర్తుపడతారు. 1332లో ట్యూనిస్‌లో పుట్టి 1406లో కైరోలో చనిపోయిన ఆ చరిత్రకారుడు తన 'ముఖద్దిమా'లో దాదాపు ఇదే చెప్పాడు. ఎడారిలో కష్టపడి బతికే తెగలకి ఒకరి కోసం ఒకరు నిలబడే గుణం ఉంటుంది, దానికి ఆయన పెట్టిన పేరు అసబియ్యా. ఆ బలంతో వాళ్లు నగరాన్ని గెలుస్తారు. నగరంలో మూడు నాలుగు తరాలు గడిచేసరికి సుఖం మరిగి ఆ గుణం పోతుంది. అప్పుడు ఇంకో తెగ వస్తుంది. పశ్చిమాది లెక్కలతో కాకుండా ఒక ముస్లిం చరిత్రకారుడి ఆలోచనకి ఇంత దగ్గరగా ఉన్న నియమంతో ఆట నడవడం చిన్న విషయం కాదు. దీన్ని మెచ్చుకున్న అభిమానులు ఉన్నారు.

తిట్టినవాళ్లు అంతకంటే ఎక్కువ. వాళ్ల అభ్యంతరం సూటిగా ఉంటుంది. చెడిపోవడం ముస్లిం వంశాలకొక్కటేనా? ఫ్రాన్స్ రాజు పదిమంది తమ్ముళ్లని ఊరికే కూర్చోబెట్టి తిండి పెట్టినా ఆయనకి ఆ అంకె ఉండదు. ఇబ్న్ ఖల్దూన్ చెప్పింది రాజ్యాలన్నిటి సంగతి, ఆట దాన్ని ఒక్క మతానికి అంటగట్టింది. ఇంకో పని కూడా జరిగింది. అంకె తగ్గించుకోవడానికి ఆటగాళ్లు కనిపెట్టిన తేలిక దారి ఏమిటంటే సొంత తమ్ముళ్లని, పినతండ్రి కొడుకుల్ని జైల్లో వేయడం, అంతకంటే ఘోరమైన పనులు చేయడం. నియమం రాసినవాళ్ల ఉద్దేశం ఏదైనా, ఆడేవాడి చేతిలో అది సోదర హత్యల యంత్రంగా మారింది. తర్వాతి అప్‌డేట్లలో ఈ లెక్కని మార్చారు గానీ ఆ పేరు పోలేదు.

2020 సెప్టెంబర్ 1న మూడో భాగం వచ్చేసరికి కంపెనీ గీతని వేరే చోట గీసింది. క్రూసేడర్ కింగ్స్ 3లో ముస్లిం, హిందూ, వైకింగ్ రాజులు అందరూ మొదటి రోజు నుంచే తెరిచి ఉన్నారు. తెలుగు ఒక సంస్కృతిగా ఉంది, వేంగి మ్యాప్ మీద ఉంది, వాటికి అదనపు రూపాయి కట్టక్కర్లేదు. పాత వాదనలో మొదటి పక్షం గెలిచిందనే అనుకోవాలి. ఇప్పుడు అమ్ముతున్నది తలుపు కాదు, లోపలి సామాను. 2022లో వచ్చిన 'ఫేట్ ఆఫ్ ఐబీరియా' అందలూస్ గురించి. అక్కడి ముస్లింలు, క్రైస్తవులు, యూదులు కలిసి బతికిన, కొట్టుకున్న శతాబ్దాలని అది దశలుగా విడగొట్టింది. శత్రుత్వం ఒక దశ, రాజీ ఒక దశ, సయోధ్య ఒక దశ. ఒక పక్షం ఇంకో పక్షాన్ని తుడిచేస్తేనే కథ ముగుస్తుందని లేదు, కలిసి ఉండిపోవడం కూడా ఒక ముగింపే. యుద్ధాల ఆటలో ఇది అరుదు. 2023 నవంబర్‌లో 'లెగసీ ఆఫ్ పర్షియా' వచ్చింది, 867 నాటి ఇరాన్ మీద. బగ్దాద్ పట్టు సడలిపోతున్న కాలం. అందులో ఆడగలిగిన వాళ్లలో యాఖూబ్ ఇబ్న్ లైస్ ఒకడు. ఆయన పేరు పక్కన ఉండే 'సఫ్ఫార్' అంటే రాగిపని చేసేవాడని అర్థం. ఇత్తడి పాత్రల దుకాణం నుంచి లేచి ఖలీఫా మీదికే నడిచినవాడు, 876లో బగ్దాద్ దగ్గర్లో ఓడిపోయాడు. ఆయన కథ ఆట పుణ్యమా అని మొదటిసారి విన్నవాళ్లు తక్కువేమీ ఉండరు.

యూరోపా యూనివర్సాలిస్ కథ ఇంకా లోతైనది. అక్కడ తాళం మనుషుల మీద లేదు. ఉస్మానీలుగా ఎవరైనా ఆడొచ్చు. కొత్తవాళ్లు ముందు ఉస్మానీలతోనే మొదలుపెట్టమని పాత ఆటగాళ్లు సలహా ఇస్తారు, ఎందుకంటే 1444లో వాళ్లంత బలమైన పక్షం చుట్టుపక్కల లేదు. బీదర్‌లోని బహమనీ సల్తనత్‌తో ఆడొచ్చు, విజయనగరంతో ఆడొచ్చు. ఇబ్బంది నియమాల్లో దాక్కుంది. మొదటి మూడేళ్లు ఈ ఆటలో ప్రతి రాజ్యానికీ ఒక గుంపు ఉండేది, యూరప్ గుంపు, ముస్లిం గుంపు, హిందూస్తాన్ గుంపు అని. కొత్త విద్యలు, కొత్త ఆయుధాలు సంపాదించడానికి యూరప్ గుంపుకి తక్కువ ఖర్చు, మిగతావాళ్లకి ఎక్కువ. 1444 మొదటి రోజు నుంచే. తప్పించుకోవాలంటే ఒకే దారి, పాశ్చాత్యీకరణ అనే మీట నొక్కి, కొన్నేళ్లు తిరుగుబాట్లు భరించి, వాళ్లలా మారిపోవడం.

1444లో బీదర్ వెనకబడి ఉందని ఎవరు తేల్చారు? మరో ముప్పై ఏళ్లలోపే, 1472లో, గీలాన్ నుంచి వర్తకుడిగా వచ్చి వజీర్ అయిన మహమూద్ గవాన్ అదే ఊళ్లో కట్టించిన మదర్సా నేటికీ సగం కూలి నిలబడే ఉంది. ఇరాన్, మధ్య ఆసియా నుంచి పండితులు వచ్చి పాఠాలు చెప్పిన చోటు అది. ఆట మాత్రం పుట్టుకతోనే దాని నుదుట వెనకబాటు రాసేసింది. పుస్తకంలో ఇలా రాసి ఉంటే చదివేవాడు ఆగి ప్రశ్నిస్తాడు. నియమంగా పెడితే ప్రశ్నించడు, అలవాటు పడతాడు. వందల గంటలు ఆడిన కుర్రాడికి అది అభిప్రాయం కాదు, వాతావరణం.

అభిమానులే దీన్ని పట్టుకున్నారు. సంవత్సరాల పాటు అడిగారు. 2016 అక్టోబర్‌లో వచ్చిన ఉచిత అప్‌డేట్‌లో ఆ గుంపుల ఖర్చుల లెక్క, పాశ్చాత్యీకరణ మీట రెండూ పోయాయి. వాటి బదులు కొత్త ఆలోచనలు, అంటే పునరుజ్జీవనం, అచ్చు యంత్రం లాంటివి, ఒక చోట పుట్టి ఊరి నుంచి ఊరికి పాకే పద్ధతి వచ్చింది. పుట్టే చోట్లు ఇప్పటికీ ఎక్కువగా యూరప్‌లోనే. కానీ దక్కన్‌లో ఉన్న రాజు ఒక ఊరి మీద బాగా ఖర్చు పెట్టి దాన్ని అభివృద్ధి చేస్తే ఆ ఆలోచన అక్కడే మొలకెత్తుతుంది. దూరంగా ఉన్న రాజ్యాలతో ఆడేవాళ్లందరికీ ఇదే రాచమార్గం అయింది.

ఇక్కడ మళ్లీ డబ్బు అడ్డం వచ్చింది. ఊరిని అలా అభివృద్ధి చేసే మీట 2015లో వచ్చిన 'కామన్ సెన్స్' అనే ఎక్స్‌పాన్షన్‌లో ఉండేది. అది కొనని ఆటగాడికి మీట చాలా ఏళ్లు పని చేసేది కాదు. యూరప్‌లో ఉన్నవాడికి ఆలోచనలు పక్కింటి నుంచి వాటంతటవే వస్తాయి కాబట్టి కొనకపోయినా గడిచిపోయేది. బీదర్‌లోనో ఢిల్లీలోనో ఉన్నవాడికి గడిచేది కాదు. ఎవరూ కావాలని చేసి ఉండకపోవచ్చు. ఫలితం మాత్రం చాలా ఏళ్లు ఇదే, బగ్దాద్ నుంచి బీదర్ దాకా ఎవరితో ఆడినా జేబు కాస్త ఎక్కువ ఖాళీ అయ్యేది. అభిమానులు ఈ గేమ్ గురించి చేసిన ఫిర్యాదుల్లో అన్నిటికంటే న్యాయమైనది ఇదే.

2017లో వచ్చిన 'క్రేడిల్ ఆఫ్ సివిలైజేషన్' ముస్లిం రాజ్యాలకి హనఫీ, షాఫీ, మాలికీ, హంబలీ వంటి మజ్హబ్‌లని చేర్చింది. ఇంకో మజ్హబ్ ఆలిమ్‌ని దర్బారుకి పిలిపించుకోవచ్చు. పిలిపిస్తే ఏదో ఒక లెక్కలో కొంత శాతం లాభం. ఆలిమ్‌ని పిలిచేది శాతం కోసమా అని నవ్వుకునే పెద్దలు ఉంటారు, నవ్వుకోవచ్చు కూడా. కానీ మజ్హబ్‌ల మధ్య తేడా ఉందని, అది శత్రుత్వం కానక్కర్లేదని ఒక స్వీడన్ కంపెనీ ఆట చెప్పడం మామూలుగా జరిగే పని కాదు. ఆ మరుసటి ఏడాది, 2018 సెప్టెంబర్‌లో 'ధర్మ' వచ్చింది. పూర్తిగా హిందూస్తాన్ గురించి. మొఘలులకి ఒక దివాన్ పద్ధతి ఇచ్చింది, ఏదైనా సంస్కృతికి చెందిన ప్రాంతాలన్నీ సల్తనత్‌లో చేరితే దాన్ని కలుపుకున్నందుకు ఒక లాభం. గెలిచిన నేలని కాదు, గెలిచిన జనాన్ని లెక్కలోకి తీసుకున్న నియమం.

మరి దక్కన్? 1444 నుంచి 1821 అంటే గోల్కొండ పుట్టుక, చార్మినార్, 1687లో ఔరంగజేబ్ ముట్టడి, నిజాములు, అన్నీ ఈ ఆట కాలంలోనే ఉన్నాయి. అయినా ఇబ్రహీం కుతుబ్ షా కథ ఇందులో పట్టదు. 1543లో ముసలి సుల్తాన్ కులీని కొడుకు జంషీద్ చంపించాడు. తమ్ముడు ఇబ్రహీం పారిపోయి విజయనగరం చేరాడు. అక్కడ అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపి, తెలుగు ఒంటపట్టించుకుని, 1550లో తిరిగొచ్చి తఖ్త్ ఎక్కాడు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడు అన్నారు. ఆయన కొలువులోని అమీన్ ఖాన్‌కి పొన్నికంటి తెలగన అచ్చ తెలుగులో రాసిన 'యయాతి చరిత్ర'ని అంకితమిచ్చాడు. అదే ఇబ్రహీం 1565లో మిగతా సుల్తాన్లతో కలిసి తళ్లికోటలో తనకు అన్నం పెట్టిన రామరాయల మీద కత్తి దూశాడు. ఆశ్రయం, కృతజ్ఞత, రాజకీయం, భాష అన్నీ ముడిపడిన కథ. మతాల యుద్ధం అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లకి ఈ ఒక్క మనిషి జీవితం చాలు జవాబుగా.

ఈ కథని పట్టుకోగల ఆట క్రూసేడర్ కింగ్స్. అందులో మనుషులుంటారు, రుణాలుంటాయి, పగలుంటాయి. కానీ అది 1453లో ఆగిపోతుంది. 1565 దాకా వెళ్లే ఆట యూరోపా. అందులో ఇబ్రహీం అంటే మూడు అంకెలు, పాలన ఇంత, దౌత్యం ఇంత, యుద్ధం ఇంత. గోల్కొండ ఒక రంగు, విజయనగరం ఇంకో రంగు. మనుషులున్న ఆటలో కాలం చాలదు, కాలం ఉన్న ఆటలో మనుషులు లేరు. ఎన్ని ఎక్స్‌పాన్షన్లు కొన్నా ఈ ఖాళీ నిండలేదు. కంపెనీ వదిలేసిన ఇలాంటి ఖాళీలని అభిమానులు సొంతంగా చేసిన మార్పులతో, మోడ్‌లు అంటారు వాటిని, కొంత నింపుతుంటారు. అవి ఉచితం.

ఇక ఇంటి లెక్క. ఈ గేములు అడిగే పిల్లలున్న ఇంట్లో అమ్మీ అబ్బాలు తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒక పాత గేమ్‌కి ఉన్న ఎక్స్‌పాన్షన్లన్నీ పూర్తి ధరకి కొంటే వందల డాలర్లవుతుంది. ఏ పాత ఆటగాడూ అలా కొనడు. స్టీమ్ దుకాణంలో ఏడాదికి చాలాసార్లు తగ్గింపులు వస్తాయి, అప్పుడు ఒకటో రెండో తీసుకుంటారు. క్రూసేడర్ కింగ్స్ 2 అసలు గేమ్ 2019 అక్టోబర్ నుంచి ఉచితం. ఉచితం అనగానే సంబరపడకూడదు, బగ్దాద్ తాళం మళ్లీ వేరే. యూరోపా యూనివర్సాలిస్ 4కి 2021లో నెలవారీ చందా పెట్టారు, అప్పట్లో అమెరికాలో నెలకి 5 డాలర్లు, దాంతో అన్ని భాగాలూ తెరుచుకుంటాయి. సెలవుల్లో రెండు నెలలు ఆడి ఆపేసే పిల్లాడికి అదే చవక. ఆపేయడం మరిచిపోతే కాదు.

ఇంకొకటి చాలామందికి తెలియదు. నలుగురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఆటని నడిపించేవాడి దగ్గర ఎక్స్‌పాన్షన్ ఉంటే చాలు, మిగతావాళ్లకీ ఆ ఆట వరకు అవన్నీ తెరుచుకుంటాయి. హైదరాబాద్‌లో ఒకడు, జెద్దాలో ఒకడు, చికాగోలో ఒకడు ఉన్న అన్నదమ్ముల పిల్లల్లో ఒక్కడు కొంటే అందరికీ సరిపోతుంది. కొన్నది నచ్చకపోతే స్టీమ్‌లో 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. కార్డు వివరాలు పిల్లాడి కంప్యూటర్‌లో దాచి ఉంచడం మాత్రం మంచిది కాదు, తగ్గింపు బోర్డు చూస్తే పెద్దవాళ్ల చేతులే ఆగవు. వయసు సంగతి కూడా చూసుకోవాలి. క్రూసేడర్ కింగ్స్‌లో విషం పెట్టడాలు, అక్రమ సంబంధాలు, తాగుడు అన్నీ కథలో భాగం, రాతల్లోనే అయినా. పదేళ్ల పిల్లలకి తగదు. ఆ రెండిట్లో ఒకటి ఎంచుకోవాలంటే యూరోపా కాస్త నయం, అందులో తలనొప్పి లెక్కలదే.

కొత్త భాగం వచ్చిన రోజే కొనడం కూడా తెలివైన పని కాదని అభిమానులు దెబ్బతిని నేర్చుకున్నారు. 2021 ఏప్రిల్‌లో యూరోపాకి వచ్చిన 'లెవియాథన్' తప్పులతో నిండిపోయి, కొన్నవాళ్ల నుంచి స్టీమ్‌లో అప్పటికి ఏ గేముకీ రానంత చెడ్డ పేరు తెచ్చుకుంది. స్టూడియో పెద్దలు క్షమాపణ చెప్పుకున్నారు. అప్పటి నుంచి చాలామంది ఒక నెల ఆగి, ముందు కొన్నవాళ్లు ఏమంటున్నారో చదివి అప్పుడు జేబులో చెయ్యి పెడుతున్నారు.

2025 నవంబర్ 4న యూరోపా యూనివర్సాలిస్ 5 వచ్చింది. ఈసారి ఆట 1337లో మొదలవుతుంది. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఉన్నాడు, విజయనగరం ఇంకా పసికందు. దౌలతాబాద్‌లో హసన్ బహమన్ షా కిరీటం పెట్టుకోవడానికి ఇంకా పదేళ్లుంది. ఆ పదేళ్లు దక్కన్‌లో ఎలా గడవాలో ఈసారి అసలు గేమ్‌లోనే ఉంటుందా, తర్వాత విడిగా అమ్ముతారా అని అభిమానులు అప్పుడే లెక్కలు మొదలుపెట్టారు.